కెలేరా తలగడ విజయము

స్వస్తి! సంకల్పము చెప్పు పురోహితుని వ్రేలికి ఏ దిక్కునను అందనిదియు, జంబూద్వీపమును దాటి పోయి పోయి ఓడలు సైతము విసుగు చెందినంత దూరమున పొడసూపునదియు, మూడువందల పైచిలుకు దీవులను నీలిసాగరముపై చల్లి మరల ఏరుకొనుట మరచినట్లుండునదియు అగు ఫిజీ దేశమున, ఆ దేశమునకు రాజధానియై, వాన వెలిసినదని నమ్మి గొడుగు ముడిచినవానిని తక్షణమే తడుపుట నిత్యవ్రతముగా గల సువా నగరమున, ఒకానొక శనివారము మధ్యాహ్నము రెండు గంటల పది నిమిషములకు, మబ్బులు కొండల మీద కూర్చుండి ఆట చూచుచుండగా, పన్నెండు దేశముల వీరవనితలు జట్టునకు ఏడుగురు చొప్పున మోహరించి, కోడిగ్రుడ్డు ఆకారపు బంతి ఒక్కదానికై ఒకరినొకరు నేలగూల్చుకొను మహిళా రగ్బీ సెవెన్స్ మహాక్రతువు రెండవనాడు జరుగుచుండెను.

మైదానమున పదిహేనువేల కంఠములు ఒక్కపెట్టున మ్రోగుచుండెను. ఆ ఘోషతో ఈ కథకు పని లేదు. బంతి కొరకు జరుగు పోరు అటు పోవును, ఇటు వచ్చును. ఏడు నిమిషములకు ఈల వేయుదురు, ఇంకొక ఏడు నిమిషములకు మరల ఈల వేయుదురు, అంతటితో సరి. గొంతెత్తి పాడదగిన యుద్ధము ఆ దినమున ప్రేక్షకుల మెట్ల వెనుక, మరుగుదొడ్లకు పోవు దారిలో, నీలిరంగు టార్పాలిన్ డేరా క్రింద, రెండు చేపల తొట్లలో జరిగినది. దానిని వినుడు.

కెలేరా యను వీరాంగన గలదు. ఫిజీ సేనకు ముందువరుస కంబము ఆమెయే. ఇరుజట్లు తలలు దూర్చి త్రోసికొను స్క్రమ్ములో భుజము ఆనించినచో ఎదుటి ముగ్గురు మూడడుగులు వెనుకకు పోయి, తాము ఎందుకు వచ్చితిమో ఆలోచించుకొందురు. ఆమె చేత టాకిల్ అను పట్టున నేలగూలినవారు లేచిన పిమ్మట తమ పేరును పక్కవారిని అడిగి తెలిసికొందురని ప్రతీతి. వారపు దినములలో ఆమె జైలు వార్డరు; ఆమె కాపలా ఉన్న పూట పారిపోవలెనని ఏ ఖైదీకిని బుద్ధి పుట్టలేదు. అట్టి ప్రత్యర్థిదర్పదమని, అట్టి భుజబలభీషణ, ఆ వేళ డేరా మూలన చాప పరచుకొని, మోకాళ్లలో ముఖము దాచుకొని, ముక్కు ఎగబీల్చుచుండెను.

కారణము ఒక తలగడ.

తలగడ యనగానే పెదవి విరువకుడు. అది మూరన్నర పొడవు గల తెల్లని గలీబు తొడిగిన తలగడ. నాలుగు మూలలయందు నాలుగు ఎఱ్ఱమందారములు కుట్టబడియుండెను. మూడింటికి ఐదేసి రేకులు, నాలుగవదానికి ఆరు. ఏలయన, కుట్టునపుడు కెలేరా తల్లి అకోసిత పక్కింటివారితో మాటలాడుచు లెక్క తప్పెను. చుట్టును ఆకుపచ్చ దారముతో అల్లిన అంచు. లోపల బూరుగు దూది. ఆ దూది అకోసిత ఊరిది కాదు. ఆమె వైలోలో అను తన ఊరినుండి పడవ ఎక్కి నాసింగా అను ఊరికి పోయి, పట్టపగలు, ఊరందరి కన్నుల యెదుట, వారి బూరుగుచెట్టు కాయలు దులిపి, రెండు బస్తాలు నింపి, వారి యింటనే చేపల పులుసు త్రాగి, పాడుకొనుచు తిరిగివచ్చెను. నాసింగాలో వద్దన్నవాడు లేడు.

ఎట్లు వద్దనును? ఆ రెండు ఊళ్లకును మూలదైవము ఒక్కడే. కావున ఆ ఊరివారికి ఈ ఊరివారు తౌవు. తౌవు అనగా, వదినామరదళ్ల వరసను మూటగట్టి ఊరు ఊరంతటికిని పంచిపెట్టినట్టి బంధము. తౌవు ఎదురుపడినచో తిట్టవలెను. తిట్టనిచో ఏమి కోపమో అని ఎదుటివారు దిగులుపడుదురు. తౌవు ఇంట నచ్చిన వస్తువును చంకన పెట్టుకొని పోవచ్చును. పోగొట్టుకొన్నవారు నవ్వవలెను. కోపము వచ్చినచో సిగ్గు వారిది కాదు, వారి ఊరిది.

రెండేండ్ల క్రిందట అకోసిత కన్నుమూసెను. నాటినుండి ఆ తలగడ కెలేరాతో విమానములెక్కెను, సముద్రములు దాటెను, ఏడు దేశముల హోటళ్లలో పడుకొనెను. ప్రతి ఆటకు ముందు కెలేరా దానిపై తల ఆనించి ఇరువది నిమిషములు నిద్రించును. ఆ నిద్ర లేక ఆమె ఆడిన ఆటలు అప్పటికి రెండు. ఆ రెంటిని మరచుటకు దేశము ఇంకను ప్రయత్నించుచున్నది.

ఇక ఆనాటి ప్రాతఃకాలమున జరిగిన ఘోరము. కెలేరా తలగడను ఒడిలో పెట్టుకొని చాపపై కూర్చుండగా, డేరా తెర తొలగించుకొని ఉనైసి వచ్చెను. ఈమె నాసింగాలో పుట్టినది. పన్నెండేండ్లుగా సిడ్నీ నగరవాసిని. ఆస్ట్రేలియా సేనకు మైదానపు అంచును కాచు రెక్కయై, పసుపుపచ్చని జెర్సీ తొడిగి, గాలికి ముందు పరుగెత్తి గాలి వచ్చువరకు వేచియుండు వేగవతి.

"బూలా వదినా! ఇంకా బతికే ఉన్నావా? మీ ఊళ్లో కర్రపెండలం కరువంట. నువ్వు అక్కడే ఉంటున్నావని అప్పుడే అనుకున్నా."

"వచ్చావా దొంగమొహమా! ఆ పసుపు జెర్సీ ఏంటే, మగ్గబెట్టిన అరటిపండులా?"

ఇట్లు కుశలప్రశ్నలు ముగిసెను. అంతట ఉనైసి చూపు ఒడిలోని తలగడపై వ్రాలెను.

"అబ్బ! ఎంత బాగుందే ఈ తలగడ!"

"తీసుకో," అనెను కెలేరా.

ఓ జిహ్వా! ముప్పదిరెండు దంతముల కోటలో కూర్చుండి, కావలివారిని అడుగకయే తలుపు తీసితివి గదా! ఆ దీవులలో ఎవరైనను వచ్చి ఒక వస్తువును మెచ్చుకొన్నచో, యజమాని తీసుకొమ్మనును; వచ్చినవారు "అయ్యో వద్దు, నీ దగ్గరుంటేనే అందం" అందురు; ఇరువురును తృప్తిపడి టీ త్రాగుదురు. తల్లిపాలతో అబ్బిన మర్యాద అది, నోటికి వచ్చిపోవునే కాని మనసును తాకదు. అయితే ఆ మాట ఊరివారితో అనదగినది, పొరుగువారితో అనదగినది, పాస్టరుగారితో సైతము అనదగినది. తౌవుతో మాత్రము అనరాదు. తౌవు వద్దనదు.

ఉనైసి వద్దనలేదు. "వినాకా వదినా! సిడ్నీలో ఒకటే మెడనొప్పి," అని ధన్యవాదము చెప్పి తలగడను చంకన ఇరికించుకొని పోయెను. కెలేరా నవ్వెను. నవ్వవలెను గనుక నవ్వెను. ఆ నవ్వును చూచి పక్కనున్న గోల్‌కిక్కరు పిల్ల పంటినొప్పి మాత్ర తెచ్చి ఇచ్చెను.

నిద్ర లేని కెలేరా ఆ మధ్యాహ్నము సెమీఫైనల్ ఆడెను. ఫిజీ గెలిచినది. కెలేరా మాత్రము ఒకసారి బంతి అనుకొని రెఫరీని పట్టుకొనెను. అందుచేతనే పైన చెప్పిన మూలన, పైన చెప్పిన చాపపై, పైన చెప్పిన దుఃఖము.

అప్పుడు తరైవిని అత్త వచ్చెను. ఈమె జట్టుకు మేనేజరు. జెర్సీలు ఉతుకునదియు, ప్రార్థన మొదలుపెట్టునదియు, ఆటగత్తెల సెల్‌ఫోనులు లాగికొని సంచిలో దాచునదియు ఈమెయే. నడుము మీద చేతులుంచి నిలిచెను.

"ఏమే, గెలిచి ఏడుస్తావేంటి? ఓడిపోయిన న్యూజిలాండ్ వాళ్లు అక్కడ పాటలు పాడుకుంటున్నారు."

"తలగడ పోయింది అత్తా."

"ఎవరు పట్టుకుపోయారు?"

"ఉనైసి."

"ఓసి పిచ్చిదానా, తౌవు కదే! నవ్వాలి!"

"పొద్దున్నుంచీ నవ్వుతూనే ఉన్నా," అని కెలేరా ముఖమెత్తి చూపెను. అత్త రెండడుగులు వెనుకకు వేసెను.

"అది అమ్మ కుట్టింది అత్తా. దానిమీద పడుకుంటే అమ్మ ఒళ్లో పడుకున్నట్టు ఉంటుంది. ఫైనల్ పోతే పోనీ, అది లేకుండా ఇంటికెలా పోను?"

తరైవిని ఆమె ప్రక్కన కూలబడెను. ఆమెయు అకోసితను ఎరిగినదియే. ఆరు రేకుల మందారము కుట్టబడిన పూట ఆ మాటలాడిన పక్కింటిమనిషి ఈమెయే.

అంతలో డేరా తెర మరల తొలగెను. ఆటకును ఆటకును నడుమ మంచునీటిలో కూర్చుండవలెనని శిక్షకుల ఆజ్ఞ. ఫైనలునకు చేరిన రెండు జట్లకును డేరా ఒక్కటియే. తువ్వాలు భుజమున వైచుకొని ఉనైసి వచ్చెను. ఆమె చంకలో తలగడ, తలగడపై ఆమె మోచేయి. ఆ దీవులలో పరుల తల ముట్టుట మహాపచారము, తల ఆనించు వస్తువుపై కూర్చుండుట అంతకు రెండింతలు. ఉనైసి దానిని పీటపై ఉంచి, దానిపై కూర్చుండి, తీరుబడిగా మేజోళ్లు విప్పెను. తౌవునకు అదియును చెల్లును.

"పిల్లా," అనెను తరైవిని, "అది వాళ్లమ్మ కుట్టింది."

"తెలుసు అత్తా. అందుకేగా నచ్చింది."

"తిరిగి రావాలంటే ఏం చెయ్యాలి?"

ఉనైసి తొట్లవంక చూచెను, కెలేరావంక చూచెను, పెదవి చివర నవ్వెను. "అదిగో మంచు. ఇద్దరం దిగుదాం. ముందు లేచినవాళ్లు ఓడినట్టు. వదిన గెలిస్తే తలగడ ఇచ్చేస్తా. ఓడితే ఆ చాప కూడా నాదే."

ఇది కపటము, మహాకపటము! ఏలయన, కెలేరా దేనికిని వెరవదు, మంచునకు తప్ప. గడచిన సంవత్సరము దుబాయి నగరమున ఆమె మంచుతొట్టిలో దిగి పదకొండు సెకండ్లకే వెలికి దూకినది. ఆ దూకుటలో ఇద్దరు వైద్యులు తడిసిరి. ఆమె పెట్టిన కేక విని అంగరక్షకులు పరుగెత్తుకొనివచ్చిరి. ఈ వృత్తాంతము సెవెన్స్ ఆడు దేశములన్నిటియందును సుప్రసిద్ధము. ఉనైసియో, సిడ్నీ చలికాలములో తెల్లవారుజామున సముద్రమున ఈదునది.

మంచు ఎట్టిదనిన, అది ఓడరేవు నుండి వచ్చిన మంచు. ఉదయము దానిపై ట్యూనాచేపలు పవళించియుండెను. నీలితొట్టి అంచు వరకు గడ్డలు గడ్డలుగా, పొగలు కక్కుచు, నడుమ నడుమ వెండిపొలుసులు మెరయుచు, ఒక మూలన చేపతోక ఒకటి ధ్వజము వలె నిక్కి చూచుచుండెను. ఆ హిమదుర్గము నెదుట కెలేరా నిలిచెను. నడుమునకు చుట్టిన సులుగుడ్డను మోకాళ్లపైకి బిగించెను. ఇట్లు పలికెను:

"ఓరి హిమమా! నీరమున పుట్టి నీరమునే గడ్డకట్టించు కులద్రోహీ! సూర్యుడు తలపై నిలుచు ఈ దీవులయందు నీకేమి పని? ఆరడుగుల దక్షిణాఫ్రికావారు నా మీద పడిరి, నేను చలింపలేదు. ఫ్రాన్సు దేశపు ముగ్గురు ఒక్కమారు నా మెడను పట్టిరి, వారి వ్రేళ్లకు కట్లు కట్టిరి. నేడు నీ గర్భమున ప్రవేశించి, నీ చల్లదనమును నా తల్లి కుట్టిన మందారముల సాక్షిగా పరాభవింపకున్నచో, నేను వైలోలో ఆడపడుచును కాను, అకోసిత కూతురను కాను!"

ఇదంతయు మనసున పలికెను. నోటితో పలికినది ఇది: "అత్తా, కొంచెం వేడినీళ్లు కలపొచ్చా?"

"నోరు మూసుకుని దిగు," అని తరైవిని గడియారము చేతబట్టెను.

దిగిరి.

ప్రథమ నిమిషమున కాలివ్రేళ్లు పదియు ఒకరినొకరు సంప్రదింపకయే శత్రువునకు లొంగిపోయెను. పిక్కలు కొంత పోరాడి నిష్క్రమించెను. తొడలు సంధికై రాయబారమంపెను. నడుమునకు పైన, బొడ్డు అను మహాక్షేత్రమున, శ్వాసకును చలికిని జరిగిన సంగ్రామము వర్ణనాతీతము. కెలేరా ఊపిరి లోనికి పోయి, అక్కడి పరిస్థితి చూచి, బయటకు వచ్చుటకు నిరాకరించెను. దుబాయి నాటి పదకొండవ సెకండు వచ్చెను. ఆమె రెండు చేతులును తొట్టి అంచులను పట్టెను. ప్లాస్టిక్కు కిఱ్ఱుమనెను. పదకొండవ సెకండు గడచిపోయెను.

"ఏం వదినా, కేక పెట్టవా?" అనెను ఉనైసి, తన తొట్టిలో చెఱువుగట్టున కూర్చుండినట్లు వెనుకకు వాలి. "దుబాయిలో పెట్టావంటగా, మా హోటల్ గదిలో అద్దాలు ఊగాయి."

"ను-నువ్వు పెట్టు. మీ ఊ-ఊరివాళ్లకి అరవడమొక్కటేగా వచ్చు."

"మీ ఊరివాళ్లకి అదీ రాదు. పందిని పిలవడానికి మా ఊరినుంచి మనిషి రావాలి."

మూడవ నిమిషము. కెలేరా దంతములు కటకటమని తాళము వేయసాగెను. నాలుగవ నిమిషమున చేపతోక మెల్లగా తేలివచ్చి ఆమె భుజముపై వ్రాలెను. తీసివేయుటకు చేయి రాలేదు. చేయి ఎక్కడ ఉన్నదో కూడ ఆ క్షణమున ఆమెకు నిశ్చయముగ తెలియదు.

"ఆరు నిమిషాలు," అనెను తరైవిని. "డాక్టరు చెప్పింది ఇంతే. చాలు, ఇద్దరూ లేవండి, ఇద్దరూ సమానమే అనుకుందాం."

ఇరువురును కదలలేదు. ఉనైసి పెదవులు అప్పటికి నీలిరంగు దాల్చియుండెను. సిడ్నీ సముద్రమున ట్యూనా మంచు ఉండదు గదా!

ఎనిమిదవ నిమిషమున ఆయుధములు మారెను. ఉనైసి స్వరము తగ్గించి పలికెను.

"మీ అమ్మ మా చెట్టు దులిపిన రోజు నేనక్కడే ఉన్నా. ఏడేళ్లు నాకు. దూదంతా ఎగిరి ఊరంతా తెల్లబడింది. మా అమ్మ పులుసు పోసింది. మీ అమ్మ తాగి, ఉప్పు తక్కువని మా అమ్మనే తిట్టింది."

కెలేరా నవ్వెను. ఆ దినమున ఆమె నవ్విన మొదటి అసలు నవ్వు అది. "ఎక్కడికెళ్లినా అంతే, ఉ-ఉప్పు గురించే. ఆసుపత్రిలో కూడా నర్సుని తిట్టింది."

"నాకు తెలీదే పోయిందని. నెల తర్వాత చెప్పారు. రాలేకపోయా."



"నిజం చెప్పు వదినా," అనెను కెలేరా. "సిడ్నీలో తలగడలు దొరకవా? నాది ఎందుకు?"

ఉనైసి చేపతోకవంక చూచుచు బదులు చెప్పెను. "దొరుకుతాయి. తిట్టేవాళ్లు దొరకరు. అక్కడ అందరూ ఎంత మర్యాదగా మాట్లాడతారో తెలుసా? పన్నెండేళ్లలో నా వస్తువు ఒక్కటి కూడా ఎవడూ ఎత్తుకుపోలేదు."

హా! టాకిళ్లకు లొంగనిదియు, మంచునకు లొంగనిదియు అగు కెలేరా హృదయము ఈ మాటకు లొంగెను. జాలి కలిగెను, చాల జాలి కలిగెను. ఇచ్చివేయుదునా అని తోచెను. ఆమె కుడిమోకాలు నీటిలో అంగుళము లేచెను. తల్లి మందారములు కన్నులలో మెదలెను. మోకాలు ఆగెను. పదకొండవ నిమిషము నడచుచుండెను. లేచుటయా, కూర్చుండుటయా? ఆమె జీవితమున అంత పెద్ద సందేహము ఎన్నడును కలుగలేదు.

సరిగ్గా ఆ క్షణమున డేరా తెర మూడవమారు తొలగెను.

ఈసారి వచ్చినది ఆంది మెరేసెయిని. ఆంది యనగా పెద్దింటి ఆడబిడ్డ. ఈమె పుట్టిన వంశమునకు మూడు దీవులు తలవంచును. ఎనుబది రెండేండ్లు; నాలుగున్నర అడుగులు; ఒక చేత కర్ర, మఱియొక చేత తాటాకు విసనకర్ర, చెవిపై ఎఱ్ఱపూవు. ప్రభుత్వపు పెద్దలు సైతము ఆమె యెదుట నేలపై కూర్చుండి, తల దించుకొని, అడిగినదానికి మాత్రము బదులు చెప్పుదురు. ఆమె తల కంటె తమ తల ఎత్తున ఉండుట ఆ దేశమున ఎవరును తలపెట్టని పాపము.

ఆంది చుట్టును చూచెను. తరైవిని గడియారముతో సహా నేలపై చతికిలబడెను.

కెలేరా ఆలోచింపలేదు. ఉదయమున నాలుక ఎట్లు తనంతట తాను "తీసుకో" అనెనో, అట్లే ఇప్పుడు వెన్నెముక తనంతట తాను క్రిందికి జారెను. భుజములు మునిగెను, మెడ మునిగెను, గడ్డము మునిగెను. మంచుగడ్డల నడుమ రెండు కన్నులును, ఒక ముక్కును, దానిపై చేపతోకయును మాత్రము మిగిలెను.

ఉనైసియు ఆలోచింపలేదు. పన్నెండేండ్లుగా సిడ్నీలో ముసలివారు బస్సెక్కినను, సన్మానసభలో పెద్దవారు వచ్చినను ఆమె ఏమి చేయుచుండెనో అదియే చేసెను. గౌరవముతో, వినయముతో, నీరు ధారలుగా కారుచుండగా, తొట్టిలో నిలువునా లేచి నిలిచెను.

తరైవిని నేలపైనుండియే గడియారమును నొక్కెను.

"కూర్చో తల్లీ, కూర్చో," అనెను ఆంది. "తడిసిపోయావు. పిల్లలూ, బాత్రూమ్ ఎటు? గంటనుంచి తిరుగుతున్నా, అందరూ కింద కూర్చుంటున్నారే కానీ దారి చెప్పరు."

కెలేరాకు నోరు నీటిలో ఉన్నది. కావున ఆ దేశాచారము ననుసరించి కనుబొమలు రెండును ఎగరవైచి ఎడమ దిక్కు చూపెను. ఆంది తల పంకించి, "మంచిపిల్ల, పద్ధతి తెలిసినపిల్ల," అని దీవించి, ఎడమవైపు వెడలిపోయెను.

అప్పుడు తరైవిని అత్త లేచెను. గొంతు సవరించుకొని, ఆదివారము బైబిలు చదువు స్వరముతో ప్రకటించెను: "పదకొండు నిమిషముల నలువది సెకండ్లు. ఉనైసి లేచినది. కెలేరా కూర్చున్నది. దేవునికి స్తోత్రము."

ఉనైసి ఇంకను తొట్టిలో నిలిచియే ఉండెను. తన మోకాళ్లను తాను చూచుకొనెను. "ఆంది ముందు లేచి నిలబడ్డానా? మా అమ్మ చూసుంటే చీపురు తిరగేసేది. పన్నెండేళ్లకే మోకాళ్లు మర్చిపోయాయే!"

ఆమె కన్నుల నీరు మంచునీరో కాదో చెప్పుట కష్టము. కెలేరా చూచెను. ఓదార్చిన తౌవు పరాయిదగును. అది ఆమెకు తెలియును.

"మీ ఊరంతా అంతేలే," అనెను గడ్డము పైకెత్తి. "కూర్చోమంటే లేస్తారు, లేవమంటే కూర్చుంటారు. నువ్వేదో సిడ్నీ పోయి చెడిపోయావనుకున్నా. పుట్టుకతోనే వచ్చిందన్నమాట."

ఉనైసి పకపక నవ్వెను. నవ్వి నవ్వి తొట్టి అంచుపై చతికిలబడెను. తౌవు తిట్టినది గదా!

విజేతను తొట్టినుండి వెలికి తీయుటకు నలుగురు కావలసివచ్చెను. కాళ్లు వంగవు, చేతులు సాగవు. కూర్చుండిన భంగిమలోనే ఆమెను ఎత్తి చాపపై దింపిరి. ఆ భంగిమలోనే ఆమె ఒక గంట విజయమును అనుభవించెను. తలగడ ఫైనల్ అయిన పిమ్మట స్వయముగ తెచ్చి యిత్తునని ఉనైసి మాట యిచ్చెను.

ఆ ఫైనల్ సాయంకాలము ఐదింటికి జరిగెను. లోకము దానిని చూచెను కనుక ఇచట రెండు మాటలు చాలును. ఫిజీ ముందువరుస కంబము మొదటి అర్ధమంతయు కంబము వలెనే నిలిచియుండెను. ఆస్ట్రేలియా రెక్క గీత దాటబోవుచు తన కాలు తానే త్రొక్కుకొనెను. ఇరువైపుల కోచ్‌లకును కారణము అంతుపట్టలేదు. ఆస్ట్రేలియా రెండు పాయింట్ల తేడాతో గెలిచెను. సువా నగరము ఆ సాయంకాలము టీ త్రాగలేదు. వెండిపతకము మెడలో వైచుకొని కెలేరా ఎందుకు నవ్వుచున్నదో టీవీ వ్యాఖ్యాతలు ముగ్గురు మూడు విధముల వివరించిరి, మూడును తప్పే.

ఆటగత్తెలు బస్సెక్కుచుండగా ఉనైసి పరుగున వచ్చి, కిటికీ గుండా ప్లాస్టిక్కు సంచిలోని తలగడను లోనికి త్రోసెను.

"ఇదిగో నీ చింకిది! మళ్లీ వచ్చినప్పుడు చాప పట్టుకుపోతా."

"రా! మీ ఊరినుంచి నడిచి రా, ఒళ్లు తగ్గుతుంది!"

బస్సు కదలెను. ముందుసీటున తరైవిని కీర్తన ఎత్తుకొనెను. ఓడినవారు పాడినను గెలిచినవారు పాడినను ఆ బస్సులో నాలుగు స్వరములు సరిగ్గా కలియును. కెలేరా సంచి విప్పెను. నాలుగు మందారములు, ఆకుపచ్చ అంచు. ఆరు రేకుల పూవును బొటనవ్రేలితో నిమిరి, గుండెలకు హత్తుకొనెను. ఏదో తేడా తోచెను. దూదికి ఉండవలసిన మెత్తదనము లేదు. గలీబు మూతి విప్పి చేయి పెట్టెను. బయటకు వచ్చినది పసుపుపచ్చని జెర్సీ ఒకటి. దాని వెనుక ఇంకొకటి. దాని వెనుక రెండు మేజోళ్లు. చిట్టచివర ఒక చీటీ.

"వదినా, కుట్టు మీ అమ్మది, అది నీకే. దూది మా ఊరిది, అది నాకే. మీ అమ్మ ఎత్తుకుపోయి పాతికేళ్లయింది, ఇప్పుడు మా ఇంటికి తెచ్చుకుంటున్నా. మెడనొప్పి నిజమే. జెర్సీ ఉతికిందే. మేజోళ్లు కావు."

కెలేరా నవ్వినది. బస్సు ఊగినది. కీర్తన మూడవ చరణమున ఆగినది. "ఏమైందే?" అని తరైవిని వెనుదిరిగి అడుగగా, చెప్పుటకు కెలేరాకు ఊపిరి చాలలేదు, చీటీని అందించి, కన్నులు తుడుచుకొని, మేజోళ్లను మాత్రము కిటికీకి కట్టి, తక్కినదంతయు మరల గలీబులో కూరి, మూతి ముడివేసి, తల ఆనించెను. చెంప క్రింద తల్లి కుట్టిన మందారము గరుకుగా తగిలెను. కీర్తన నాలుగవ చరణమునకు చేరకముందే నిద్ర పట్టెను.

ఈ కథను విన్నవారి తలగడలు ఎండకాలమున రెండు వైపులను చల్లగా ఉండుగాక! వారి వస్తువులను ఎత్తుకొనిపోవు చుట్టములు వారికి ఎన్నడును కొరవడకుందురు గాక! స్క్రమ్ముల కంబము, ఖైదీల కలలో కావలి, హిమదుర్గవిదారిణి, చేపతోక ధ్వజిని, అకోసిత కూతురు కెలేరా, పదకొండు నిమిషముల నలువది సెకండ్ల మహాసమరమున, పన్నెండు దేశములు చూడని చోట, దూది మినహాయించి, మూరన్నర గలీబును గెలిచెను.